కుళాయికి ముఖ్య అతిథి

ఎర్రమెట్ట టౌన్‌షిప్‌లో కుళాయిలు మొదట్నుంచీ కారేవి. ట్యూబులైట్లు మొదట్నుంచీ కొట్టుకునేవి. ఎండాకాలం వచ్చిందంటే ఏసీలు చల్లగాలి తప్ప తక్కినవన్నీ ఇచ్చేవి: చప్పుడు, నీళ్ళు, అప్పుడప్పుడు ఒక బల్లి. అయినా జనం సుఖంగానే ఉండేవారు. ఎస్టేట్ ఆఫీసుకు ఒక ఫోను కొడితే సాయంత్రానికో మర్నాటికో ప్లంబరు గౌరినాయుడో, కరెంటు మనిషో వచ్చి, కాసేపు విసుక్కుని, బాగుచేసి, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఇందులో ఏదో లోటుందని ఎవరికీ తోచలేదు.

లోటు కనిపెట్టింది పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్దమనిషి. ఆయన టౌన్‌షిప్పంతా కారులో తిరిగి చూసి, గెస్ట్‌హౌస్ భోజనాల దగ్గర గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకుంటూ, "మెయింటెనెన్సు బ్రహ్మాండంగా చేశామంటున్నారు, ఒక్కటీ కంటికి కనపడదేం?" అన్నారట. బాగుపడిన కుళాయి కంటికి కనపడదు. కారని కుళాయి వంక చూసేవాడెవడు? ఈ మాట ఆయనతో అనడానికి అక్కడ ఎవరికీ నోరు ఖాళీ లేకపోయింది. అన్నిట్లోనూ వంకాయే ఉంది.

ఎస్టేట్ ఆఫీసరు పట్టాభిరామయ్య గారు వంకాయ మింగారు గాని ఆ మాటను మింగలేకపోయారు. వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది.

"మరమ్మతు కూడా అభివృద్ధియే. కావున ఇకమీదట టౌన్‌షిప్ గృహములందు జరుగు ప్రతి మరమ్మతునకు శంకుస్థాపన, ప్రారంభోత్సవము విధిగా జరుపవలెను. ప్రారంభోత్సవము జరగని సౌకర్యమును ఎవరునూ వినియోగించరాదు. అతిథి స్థాయి మరమ్మతు స్థాయిని అనుసరించి నిర్ణయింపబడును." కింద ఎర్రక్షరాల్లో, ‘ప్రతి మరమ్మతూ ఒక పండుగే!’

మొదటి పండుగ మేడమీద కస్తూరి వాళ్ళింట్లో జరిగింది. వంటింట్లో ట్యూబులైటు మార్చారు. సెక్షన్ ఆఫీసరొకాయన వచ్చి, జ్యోతి వెలిగించి, శాలువా కప్పించుకుని స్విచ్చి వేశాడు. స్టార్టరు పాతదే ఉంచేశారేమో, ట్యూబు వెలుగుతూ ఆరుతూ ఆయన ప్రసంగం ఆసాంతం చప్పట్లు కొడుతున్నట్టే ఉంది. జనానికి సరదాగానే అనిపించింది. పిల్లలకు బూందీ పొట్లాలు పంచారు.

ఆ తరవాత ఏసీ వంతు వచ్చింది. కస్తూరి వాళ్ళ ఏసీలో గ్యాసు నింపి, దానికి అడ్డంగా రిబ్బను కట్టేసరికి రావలసిన అతిథి క్యాంపుకి వెళ్ళిపోయాడు. రోహిణి కార్తె ఎండ రోళ్ళు పగలగొడుతుంటే కస్తూరి, వాళ్ళాయన, ఇద్దరు పిల్లలు బాగుపడిన ఏసీ కింద కూచుని అట్టముక్కలతో విసురుకున్నారు.

"ఒక్క పది నిమిషాలు వేసుకుని ఆపేస్తే ఎవరికి తెలుస్తుందీ?" అంది కింద క్వార్టరులో ఉండే చారుమతి.

"అమ్మో, చల్లబడ్డ గోడ పట్టించేస్తుందిట అక్కయ్యా! సెక్యూరిటీ వాళ్ళు వచ్చి గోడ మీద చెయ్యి వేసి చూస్తున్నారు" అంది కస్తూరి.

చారుమతి కాలేజీలో కెమిస్ట్రీ చదివిన మనిషి. పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటినా ఈనాటికీ కూరలో ఉప్పు చేత్తో వేయదు, చెంచాతో కొలిచి వేస్తుంది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. అలాగని దేన్నీ వదిలిపెట్టదు. భర్త సుదర్శనరావు అకౌంట్సు సెక్షనులో పని చేస్తాడు. ఉత్తర్వు అన్న మాట వింటే కుర్చీలోంచి లేచి నిలబడే రకం.

ఈ పండుగల గొడవ తన ఇంటి గడప తొక్కదనే చారుమతి అనుకుంది. ఆ రోజుల్లో ఆవిడ మనసంతా విశాఖపట్నం ఆసుపత్రిలో ఉంది. అత్తగారు మాణిక్యాంబ గారు తుంటి ఎముక విరిగి అక్కడ మంచాన ఉంది. ఆపరేషను బాగానే జరిగింది. నర్సులు వచ్చి మంచం మీదకే బెడ్‌పాన్ పళ్ళెం తెచ్చి పెట్టినప్పుడల్లా మాత్రం ఆవిడ మొహం గోడకు తిప్పేసుకునేది. ఎనభయ్యేళ్ళ మనిషి, నలభై మంది పనివాళ్ళను నోటి మాటతో నడిపించిన మనిషి.

"చారూ, కాలు పోయినా ఫరవాలేదే. ఈ పళ్ళెం మటుకు నాకు వద్దు" అంది ఓరోజు, గోడకేసి చూస్తూనే.

"ఇంటికి రండి అత్తయ్య గారూ. మీరొచ్చేసరికి మీ బాత్రూము మీకు సిద్ధంగా ఉంటుంది. పూచీ నాది" అంది చారుమతి.

డాక్టరు చెప్పింది కూడా అదే. కింద కూచునేది ఎన్నాళ్ళకీ పనికిరాదు, కుర్చీలా ఉండేదే కావాలి, మెట్లెక్కకూడదు. చారుమతి ఇంట్లో రెండు బాత్రూములు. కుర్చీలా ఉండేది ఒక్కదాంట్లోనే ఉంది. ఇంటికి వచ్చి చూసుకుంటే ఆ ఒక్కదాంట్లోనే ఫ్లష్ ట్యాంకుకి వెళ్ళే గొట్టం మోచేతి మలుపు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. ట్యాంకు నిండటం లేదు. గీజరు వేస్తే ఎంసీబీ స్విచ్చి పడిపోతోంది.

చారుమతి చీర మార్చుకుని ఎస్టేట్ ఆఫీసుకు వెళ్ళింది.

వెనకటి ‘ఫిర్యాదుల విభాగం’ బోర్డు తీసేసి ‘అభివృద్ధి స్వీకార కేంద్రం’ అని కట్టారు. లోపల గోడ వారగా సామానుంది. ఒకప్పుడు అక్కడ పైపులూ, వాషర్లూ ఉండేవి. ఇప్పుడు శాలువాలు, రిబ్బను ఉండలు, ఇత్తడి కుందులు, ఒక మూల పచ్చి కొబ్బరికాయల బస్తా.

పట్టాభిరామయ్య గారు ఆవిణ్ని ఆదరంగా కూచోబెట్టారు. "సెలవియ్యండమ్మా. మీ గృహంలో అభివృద్ధికి అవకాశం ఏర్పడిందని విన్నాను. చాలా సంతోషం."

"గొట్టం కారుతోందండీ. శనివారం మా అత్తగారిని ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నాం. ఆలోపల..."

"తప్పకుండా! జల సంబంధమైన స్వల్ప మరమ్మతు. అంటే డిప్యూటీ మేనేజరు స్థాయి." ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "విద్యుత్ సంబంధమైనది కూడా ఏదైనా ఉన్నదా?"

"గీజరు..." అని నోరు జారింది చారుమతి.

ఆయన మొహం మతాబాలా వెలిగింది. "అయితే ఉమ్మడి కార్యక్రమం! జలము, విద్యుత్తు ఒకే వేదికపై! ఇద్దరు అతిథులు. ఇద్దరికీ కుదిరే ముహూర్తం చూడాలి. ఒక నెల..."

"గీజరు బాగానే ఉందండీ" అంది చారుమతి తొణక్కుండా. "నీళ్ళు పొయ్యి మీద కాచుకుంటాం. మాకదే అలవాటు."

పట్టాభిరామయ్య గారు నిట్టూర్చారు. ప్రజల్లో అభివృద్ధి కాంక్ష తగ్గిపోతున్నందుకు ఆయనకు బాధ.

గురువారం పొద్దున శంకుస్థాపన. వాకిట్లో షామియానా వేశారు. మైకులో ప్రార్థనా గీతం అయింది. తోటల విభాగం డిప్యూటీ మేనేజరు శాలువాతో బాత్రూములో అడుగుపెట్టి, కొబ్బరికాయ పుచ్చుకుని అటూ ఇటూ చూశాడు. శంకుస్థాపనకి ఒక రాయి ఉండాలి. బాత్రూములో రాయేదీ?

"నేల మీద కొట్టండి సార్" అన్నారొకరు.

"టైల్సు పగిలితే అది వేరే మరమ్మతు" అన్నారు పట్టాభిరామయ్య గారు. "దానికి వేరే శంకుస్థాపన."

"పోనీ ఆ... ఆసనం అంచు మీద?"

"ఛ ఛ! దేవుడికి కొట్టే కాయండీ!"

చివరికి ఏ గొట్టానికైతే శుభం పలకాలో ఆ గొట్టం మీదే కొట్టడం సముచితమని తేలింది. డిప్యూటీ మేనేజరు కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని ఒక్కటిచ్చాడు. కాయ పగల్లేదు. గొట్టం పగిలింది.

అంతదాకా చుక్కగా వస్తున్నది ధారగా లేచి, ఆయన కళ్ళజోడును ఎగరగొట్టి, ఎదురు గోడకు తగిలి, గుమ్మంలో ఉన్నవాళ్ళందర్నీ తడిపింది. వాకిట్లో కూచున్న జనం ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

"శుభసూచకం!" అన్నారు పట్టాభిరామయ్య గారు మొహం తుడుచుకుంటూ. "గంగాదేవి స్వయంగా దర్శనమిచ్చింది."

ఆ శుభసూచకం వల్ల చారుమతికి వచ్చిపడ్డ చిక్కు కాసేపటికి గాని తెలిసిరాలేదు. కారే గొట్టం స్వల్ప మరమ్మతు. పగిలిన గొట్టం భారీ మరమ్మతు. భారీ మరమ్మతుకు సాక్షాత్తూ జనరల్ మేనేజరుగారే రావాలి.

గౌరినాయుడు ఆ మధ్యాహ్నమే వచ్చి కొత్త మలుపు వేసి, ట్యాంకులో బాగోలేనిదంతా బాగుచేశాడు. గంట కూడా పట్టలేదు. ఆ తరవాత గంటన్నర ఎర్ర రిబ్బను కట్టడానికి పట్టింది. గుమ్మానికి అటో మేకు, ఇటో మేకు, మధ్యలో పువ్వులాంటి ముడి. ముడి రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టాడు. బయట వాల్వు కట్టేసి, దానికి ఇత్తడి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు.

"తాళమెందుకు గౌరినాయుడూ?"

"నానేటి సేత్తానమ్మా? కత్తిరీ, తాళంచెవీ ఒకే పళ్లెంలో ఎట్టి అతిథిగోరికి ఇవ్వాలంట. పైపుల పని నేర్సుకోడానికి నాకు ఏడాది పట్టినాది. ఈ ముడి నేర్సుకోడానికి ట్రైనింగుకి పంపీసినారు." అతను తన ముడి వంక కొంచెం మురిపెంగా చూసుకున్నాడు. "అందరికీ రాదమ్మా, ఇది."

"జనరల్ మేనేజరుగారు ఎప్పుడొస్తారు?"

"ఢిల్లీ ఎల్నారంట. మంగళారం దిగుతారు. మంగళారం మంచిది కాదని బుధారం ఎట్టినారు."

శనివారం మధ్యాహ్నం అంబులెన్సు దిగి, వాకరు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ మాణిక్యాంబ గారు ఇంట్లోకి వచ్చింది. దారిపొడుగునా ఓపిక పట్టిన మనిషి, తిన్నగా బాత్రూము వైపు నడిచి ఆగిపోయింది.

"ఏవేఁ చారూ, ఇదేవిటే? బాత్రూముకి పెళ్ళా?"

చారుమతి చెప్పింది. ఆవిడ అంతా విన్నది. కొడుకు వంక చూసింది.

"సుదర్శనం, తెంపరా దాన్ని."

"అమ్మా, అది ఆఫీసు రిబ్బనమ్మా" అన్నాడు సుదర్శనరావు. "తెంపితే క్వార్టరు రద్దు చేస్తారు. పైగా నీళ్ళకు తాళం ఉంది. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"ఓపిక నాకుంది నాయనా. దానికుండాలిగా!"

ఆ నాలుగు రోజులూ ఎలా గడపాలి? కస్తూరి వాళ్ళది మేడమీద, మెట్లెక్కకూడదు. పక్క బ్లాకులో ఉన్నవాటికి రెంటికీ రిబ్బన్లే. ఆసుపత్రి నుంచి పొరపాటున సామానుతో పాటు వచ్చేసిన పళ్ళెమే మళ్ళీ దిక్కయింది. మొదటిసారి చారుమతి అది పట్టుకుని గదిలోకి వెళితే మాణిక్యాంబ గారు తిట్టలేదు, సణగలేదు. మొహం గోడకు తిప్పుకుంది. అంతే.

చారుమతి తిన్నగా ఎస్టేట్ ఆఫీసుకు వెళ్ళింది.

"బుధవారందాకా వాడుకోనివ్వండి. రిబ్బను జాగ్రత్తగా పక్కకి తీసి మళ్ళీ కట్టేస్తాం. మీ ప్రారంభోత్సవం మీరు చేసుకుందురుగాని."

పట్టాభిరామయ్య గారు ఉలిక్కిపడ్డారు. "అమ్మా, మీరు విద్యాధికులు. ఒక్కసారి ఆలోచించండి. వాడేసిన సౌకర్యాన్ని జనరల్ మేనేజరుగారి చేత ప్రారంభింపజేయడమా? ఎంగిలి విస్తట్లో అతిథికి వడ్డిస్తామా?"

"పెద్దావిడ అవస్థ పడుతోందండీ."

"ఆ అవస్థే కదమ్మా, ప్రారంభోత్సవానికి అందం! ఎదురుచూపు లేనిదే అభివృద్ధికి విలువేముంది?" ఆయన గొంతు తగ్గించారు. "మీకోసం ఒకటి చేశాను. ఫలకం పాలరాతితో చెక్కిస్తున్నాను. మామూలుగా నాపరాయే."

సోమవారానికి చారుమతి ఒకటి గమనించింది. అత్తగారి మంచం పక్కన పెట్టిన మరచెంబులో నీళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పొద్దున కాఫీ రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. మధ్యాహ్నం చారు వద్దంది.

"నీళ్ళు తాగటం లేదేం అత్తయ్య గారూ?"

మాణిక్యాంబ గారు మరచెంబును దూరంగా జరిపింది. "తాగితే మళ్ళీ నిన్ను పిలవాలి గదే" అంది. "నువ్వు అది మోసుకెళ్ళడం నేను చూడలేను. బుధవారందాకా ఇలా వెళ్ళిపోనీ."

పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. ఇంటి కప్పు ఎగిరిపోయేలా కేకలేసే మనిషి ఇంత చిన్నగా మాట్లాడటం చారుమతి ఎన్నడూ వినలేదు. ఆవిడ అత్తగారి పక్కన కూచుని, గ్లాసులో సగం నీళ్ళు పోసి, తాగేదాకా కదల్లేదు. తరవాత వంటింట్లోకి వెళ్ళి, బుధవారం ఏం చెయ్యాలో ఉప్పు కొలిచినంత నిదానంగా కొలిచి చూసుకుంది.

మంగళవారం సాయంత్రం ఆవిడే ఎస్టేట్ ఆఫీసుకు ఫోను చేసింది. కార్యక్రమం ఘనంగా జరగాలంది. ఇంటికి పెద్దది కాబట్టి అత్తగారికి బాత్రూము ఎదురుగానే కుర్చీ వేయిస్తానంది. క్రితం నెల క్లబ్బులో అతిథి కుళాయి తిప్పితే నీళ్ళకు బదులు గాలి బుస్సుమన్న సంగతి గుర్తు చేసి, ఈసారి అలాంటి అప్రతిష్ఠ రాకుండా వాల్వు ముందే తెరిపించి ట్యాంకు నింపించమంది.

"ఎంత దూరదృష్టి తల్లీ మీది!" అన్నారు పట్టాభిరామయ్య గారు కదిలిపోయి. "నేను కూడా ఒక విశేషం చేస్తున్నాను. లోపల ఒక మైకు పెట్టిస్తున్నా. తొలి జలధార సవ్వడి టౌన్‌షిప్పంతా వినాలి. అది వినపడగానే బ్యాండు మేళం అందుకుంటుంది."

"చాలా బాగుంటుందండీ" అంది చారుమతి.

బుధవారం పొద్దున్నే ఆవిడ చిక్కటి మజ్జిగలో నీళ్ళు పోసి, అల్లం, కరివేపాకు వేసి, రెండు పెద్ద గ్లాసులు అత్తగారి చేతికిచ్చింది.

"ఇవాళ బుధవారం. తాగండి. ద్రవాలు ఎక్కువ తీసుకోమని డాక్టరు చెప్పారు." డాక్టరు మాట జవదాటే మనిషి కాదు చారుమతి. పదింటికి మూడో గ్లాసు కూడా ఇచ్చింది. జనరల్ మేనేజరుగారి కారు పదకొండున్నరకు వచ్చింది.

హాలు నిండా జనం, వాకిట్లో జనం, వాకిలి దాటి బ్యాండు మేళం. గోడకు పాలరాతి ఫలకం, దాని మీద పట్టు గుడ్డ. జనరల్ మేనేజరుగారు ముందు వరసలో శాలువా కప్పుకుని ఉక్కపోతకు చెమటలు కారుస్తూ కూచున్నారు. పొద్దుటి నుంచీ అది ఆయనకు నాలుగో శాలువా. పట్టాభిరామయ్య గారు మైకు అందుకున్నారు.

"సభకు నమస్కారం. నాగరికతలన్నీ నదుల ఒడ్డున పుట్టాయి. సింధు నాగరికత చూడండి. అక్కడ మురుగు కాలువలున్నాయి. కానీ ప్రారంభోత్సవం జరిగినట్లు ఆధారాలు లేవు. ఆ నాగరికత ఏమైంది?" ఆయన ఆగి, సభను కలయజూశారు. "నశించింది."

మాణిక్యాంబ గారు కుర్చీలో ఇటు నుంచి అటు ఒత్తిగిలింది. నాగరికత నైలు నది దగ్గరకు చేరింది. ఆవిడ పైట సర్దుకుంది. నాగరికత గోదావరి దాటుతుండగా ఆవిడ కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"చారూ. లేపు నన్ను."

"సభ జరుగుతోందండీ" అంది చారుమతి, అప్పటికే వాకరు ఆవిడ ముందు పెడుతూ.

"సభ ఆగుతుంది. ఇది ఆగదు."

టక్... టక్... టక్... అని వాకరు చప్పుడు. జనమంతా ప్రసంగం వింటున్నారు కాబట్టి, అంటే ఎవరి ఆలోచనల్లో వాళ్ళున్నారు కాబట్టి, ఎవరూ పట్టించుకోలేదు. గౌరినాయుడి ముడి గట్టిదే. అది విడలేదు. వాకరు కొమ్ములకు తగులుకుని, రెండు మేకుల్నీ గోడలోంచి ఊడబెరుక్కుని, ఆవిడతో పాటే లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. గడియ పడింది.

పట్టాభిరామయ్య గారు అప్పుడు చూశారు. చేతిలో కత్తెర, తాళంచెవి ఉన్న పళ్ళెం. ఎదురుగా రిబ్బను లేని గుమ్మం. "ఇప్పుడు... ఇప్పుడు మన ముఖ్య అతిథి..." అన్నారు.

హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, స్తంభాలకు కట్టిన లౌడుస్పీకర్లన్నిట్లోంచీ, ఎర్రమెట్ట టౌన్‌షిప్ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక నిట్టూర్పు వినపడింది.

"హమ్మయ్య... నారాయణా!"

ఆ వెనకే జలపాతంలా తొలి జలధార సవ్వడి. ఆజ్ఞ ప్రకారం బ్యాండు మేళం అందుకుంది. అలవాటు ప్రకారం జనం చప్పట్లు కొట్టారు. ఎవరో పట్టు గుడ్డ తాడు కూడా లాగేశారు.

తలుపు తెరుచుకుంది. వాకరుకి ఎర్ర రిబ్బను వేలాడుతుండగా మాణిక్యాంబ గారు గుమ్మంలో నిలబడి ఆ జనాన్ని, ఆ చప్పట్లను, ఆ మేళాన్ని తేరిపార చూసింది. వారం రోజులుగా వంగి ఉన్న మెడ నిటారుగా లేచింది.

"నీళ్ళు వచ్చాయా అమ్మా?" అని అడిగారు జనరల్ మేనేజరుగారు. నవ్వు ఆపుకోవడానికి ఆయన శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"భేషుగ్గా వచ్చాయి నాయనా. ఇంతకీ నువ్వెవరు?"

పట్టాభిరామయ్య గారు "సార్, ఇది అనూహ్యమైన... మేము మళ్ళీ రిబ్బను కట్టించి..." అని నసిగారు.

"ఎందుకండీ? ప్రారంభమైందిగా." జనరల్ మేనేజరుగారు లేచి ఆయన్ని పక్కకు తీసుకెళ్ళారు. పక్కనే కాఫీ కప్పులు సర్దుతున్న చారుమతికి ఆ మాటలన్నీ వినపడ్డాయి. "ఈ పూట ఇంకా ఎన్ని మిగిలాయి నాకు?"

"ఏడు సార్. మూడు కుళాయిలు, రెండు ఫ్యాన్లు, ఒక వాషింగు మెషీను గొట్టం. డీ బ్లాకులో ఒక కాలింగ్ బెల్లు."

జనరల్ మేనేజరుగారు తన ఒంటి మీద శాలువా తీసి, నాలుగడుగులు నడిచి, మాణిక్యాంబ గారి భుజాల చుట్టూ కప్పారు. మైకు దగ్గరకు వెళ్ళారు. "మిత్రులారా, ఈ టౌన్‌షిప్‌లో నేను ఎన్నో ప్రారంభించాను. కానీ ప్రారంభించిన దాన్ని నిజంగా వాడి చూపించిన తొలి అతిథి ఈవిడే. ఇంతటి అనుభవజ్ఞులు మన మధ్య ఉండగా మేమెందుకు? ఇకమీదట అన్ని ప్రారంభోత్సవాలకూ ఈవిడే ముఖ్య అతిథి." అని, బ్యాండు మేళం ముగిసేలోగా కారెక్కి వెళ్ళిపోయారు.

ఫలకం మీద పేరు తప్పయింది కాబట్టి దాన్ని మార్చారు. ‘శ్రీమతి మాణిక్యాంబ గారి కరకమలములచే’ అని చెక్కబోతే, వాస్తవం రాయకపోతే ఆడిట్లో అభ్యంతరం వస్తుందని సుదర్శనరావు భయపడ్డాడు. చాలా చర్చలు జరిగాక ‘వారి వినియోగముచే’ అని చెక్కించారు.

ఆ రోజు నుంచి ఎర్రమెట్ట టౌన్‌షిప్‌లో అభివృద్ధి పరుగులు పెట్టింది. మాణిక్యాంబ గారికి క్యాంపులు లేవు, ఢిల్లీ లేదు, మీటింగులు లేవు. గౌరినాయుడు మరమ్మతు ముగించి ముడి వేసేసరికి ఆవిడ తయారు. మెట్లున్న ఇళ్ళకు కుర్చీలో మోసుకెళ్ళేవాళ్ళు. కస్తూరి ఏసీకి వారాల తరబడి ఉన్న రిబ్బను తెగింది. పెద్దావిడ దాని కింద కునుకు తీసి లేచి మరీ ‘ప్రారంభమైంది’ అని ప్రకటించింది. డాక్టరు రోజూ కాస్త నడవమన్నాడు, నడిచేది. తుంటి గట్టిపడింది. గొంతు అంతకంటే గట్టిపడింది. అలమరా నిండా శాలువాలు. చారుమతి ఆ నెలంతా సుఖంగా నిద్రపోయింది.

తరవాత ఒకనాడు వాళ్ళ ఇంట్లోనే, అదే బాత్రూములో, అదే మలుపు మళ్ళీ కారింది. గౌరినాయుడు వచ్చి బాగుచేసి, ఎర్ర రిబ్బను కట్టి, వాల్వుకి తాళం వేశాడు. చారుమతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. మాణిక్యాంబ గారు వాలుకుర్చీలో శాలువా కప్పుకుని కూచుని ఉంది.

"అత్తయ్య గారూ, ఒక్కసారి ఇలా లేచి రండి. మన బాత్రూమే. అయిదు నిమిషాల పని."

మాణిక్యాంబ గారు కళ్ళజోడు సవరించుకుంది. ఆ సవరించుకోవడం చారుమతికి ఇదివరకు ఎక్కడో చూసినట్టనిపించింది.

"ఇవాళ డీ బ్లాకు ఉందమ్మా. రేపు గెస్ట్‌హౌసు వాళ్ళ ఫ్రిజ్జు. శుక్రవారం క్లబ్బు. శనివారం చూద్దాం."

"శనివారమా! ఇంట్లో మనకే కదండీ!"

"అందుకే గదే! ఇంటి మనుషులకి ముందు చేస్తే రేపు నలుగురూ ఏమనుకుంటారు? ఒక పద్ధతీ పాడూ ఉండాలా వద్దా?" ఆవిడ వెనక్కి వాలింది. "ఎదురుచూపు లేనిదే అభివృద్ధికి విలువేముందీ?"

చారుమతి వంటింట్లోకి వెళ్ళింది. పెరుగు గిన్నె దించి, కవ్వం అందుకుని, అల్లం ముక్క దంచుతూ అక్కణ్ణుంచే పలికింది.

"అలాగే అత్తయ్య గారూ, మీ వీలు చూసుకునే రండి. ఈలోగా కాస్త మజ్జిగ తాగండి. పెద్ద గ్లాసుతోనే తెస్తున్నాను."